ఫోన్‌లో అన్ని పాటలూ ఉండగా ప్లేటెందుకు?

(ఒక ఆదివారం గ్రంథాలయంలో జరిగిన సభలోని ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు కొంచెం ముందుకొస్తే మంచిది. మధ్యలో ఒక ప్లేటు, అదే గ్రామఫోన్ రికార్డు, వేసి వినిపిస్తాను. ఆ ఫ్యాను గరగర, దీని గరగర కలిసిపోతే ఏది ఏదో తెలియదు. రండి, రండి, కుర్చీలున్నాయి.

ముందు ఒక చిన్న లెక్క. ఫోన్‌లో పాటలు వినేవాళ్ళు చేతులెత్తండి. అందరూనా? సరే. ఇంట్లో రికార్డు ప్లేయరు ఉండి, అది ఇవాళ్టికీ పనిచేస్తున్నవాళ్ళు? ముగ్గురు. ప్లేయరు లేదు గానీ అటక మీద రికార్డులు మాత్రం ఉన్నాయి అనేవాళ్ళు? అదిగో, చూశారా, ఎన్ని చేతులు లేచాయో. నేను ఇవాళ మాట్లాడబోయేది ఈ అటక వాళ్ళ కోసం. మిగతావాళ్ళు కూడా వినొచ్చు, అభ్యంతరం లేదు.

రికార్డుల మీద మళ్ళీ మోజు పుట్టిన మాట నిజమే. అమెరికా లెక్కలు చూడండి. 2006లో అక్కడ అమ్ముడైన కొత్త ఎల్పీలు, అంటే ఒక్కో వైపు చాలా పాటలు పట్టే పెద్ద ప్లేట్లు, పది లక్షలు కూడా లేవు. ఆ కథ అయిపోయిందనుకున్నారు అందరూ. 2022కి వచ్చేసరికి అవి 4 కోట్ల 10 లక్షలు. అదే ఏడాది అమ్ముడైన సీడీలు 3 కోట్ల 30 లక్షలు. అంటే 1987 తర్వాత మళ్ళీ ఆ ఏడాదే ప్లేటు సీడీని దాటింది. సీడీ 1982లో బజారులోకి వచ్చిందే ప్లేటుని సాగనంపడానికి. సాగనంపడానికి వచ్చింది తనే పోతోంది, పోవాల్సింది కొట్లో కూర్చుని అమ్ముడవుతోంది. ఎందుకు? ఎందుకండీ?

ఎవర్నడిగినా ఒకటే చెప్తారు. ‘సౌండ్ బాగుంటుంది సార్, అనలాగ్ కదా, వార్మ్‌గా ఉంటుంది’ అంటారు. శబ్దాన్ని దాని ఊపుగానే చెక్కితే అనలాగ్, అంకెలుగా మార్చి దాస్తే డిజిటల్. నేను చాలా ఏళ్ళు రేడియోలో రికార్డు లైబ్రరీ చూసినవాణ్ణి. వేల ప్లేట్లు నా చేతుల మీదుగా వెళ్ళాయి. అందుకే ధైర్యంగా చెప్తున్నాను, శబ్దం గురించి చెప్పే ఈ మాటలో సగానికి సగం గాలి ఉంది. అదేమిటో చూద్దాం.

ఇదిగో, ఇది ఒక ఎల్పీ. అంచులు పట్టుకోండి, నల్లటి భాగం మీద వేలు పడనివ్వకండి. చూసి పక్కవాళ్ళకివ్వండి. ఈ భూతద్దం కూడా పంపిస్తున్నాను. మీకు గుండ్రటి గీతలు కనిపిస్తాయి. వందలున్నాయి అనుకుంటారు. కాదు, ఒక్కటే. దోమల కాయిల్‌లాగా బయటి అంచు నుంచి లోపలికి చుట్టుకుంటూ పోయే ఒకే ఒక్క గాడి. విప్పి సాగదీస్తే దగ్గర దగ్గర అర కిలోమీటరు. ఆ గాడికి రెండు గోడలు. ఒక గోడలో ఎడమ స్పీకరు పాట, రెండో గోడలో కుడి స్పీకరు పాట. ముల్లు ఆ రెండు గోడల మధ్య ఊగుతూ పోతుంది. ఆ ఊపే మనకు వినిపించేది. అంతకంటే మాయ లేదు, మంత్రం లేదు.

ఇప్పుడు చిక్కు ఎక్కడొచ్చిందంటే, మృదంగం, డోలు, బేస్ గిటారు లాంటి బరువైన శబ్దాలకు గాడి బాగా పక్కకు ఊగాలి. ఎక్కువ ఊగితే పక్క చుట్టులోకి దూసుకుపోతుంది. అందుకని ప్లేటు కోసేటప్పుడే బేస్ తగ్గించి, సన్నటి శబ్దాలు పెంచి కోస్తారు. మన ఇంట్లో ఆంప్లిఫయరు దాన్ని తిరగేసి, తగ్గించింది పెంచి, పెంచింది తగ్గించి వినిపిస్తుంది. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అని అమెరికాలో 1954లో ఒక కొలత పెట్టుకున్నారు. ఆర్‌ఐఏఏ కర్వ్ అంటారు. క్రమంగా ప్రపంచమంతా అదే కొలతకి వచ్చింది. అంటే మీరు ‘సహజమైన శబ్దం’ అని మురిసిపోతున్నది ముందు వంచి, తర్వాత సాపు చేసిన శబ్దం.

ఇంకో చిక్కు చెప్తాను, ఇది చాలామందికి తెలియదు. ప్లేటు తిరిగే వేగం ఒకటే, నిమిషానికి 33⅓ చుట్లు. కానీ బయటి చుట్టు పెద్దది, లోపలి చుట్టు చిన్నది కదా. మొదటి పాటప్పుడు ముల్లు కింద సెకనుకి 50 సెంటీమీటర్ల గాడి పరుగెడుతుంది. చివరి పాటకి వచ్చేసరికి 20 సెంటీమీటర్లే. అదే పాట, అదే గొంతు, కానీ రాసుకోవడానికి జాగా సగం కన్నా తక్కువ. అందుకే ఎల్పీ చివరి పాటలో ‘స’లు, ‘ష’లు చీరుకుపోయినట్టు వినిపిస్తాయి. తెలిసిన కంపెనీవాళ్ళు హోరుగా ఉండే పాటను చివర పెట్టేవారు కాదు, మెత్తటి పాట పెట్టేవారు.

కాబట్టి కొలతల్లో చూస్తే సీడీ గెలిచింది. మెల్లటి శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య తేడాను సీడీ 96 డెసిబెల్స్ దాకా పట్టగలదు. ప్లేటు మహా అయితే 70. ఈ మాట రికార్డు ప్రియుల మధ్య అంటే కొట్టడానికొస్తారు. ఇక్కడ ఎవరైనా ఉంటే సభ అయ్యాక చూసుకుందాం.

చెవులు మనల్ని ఎంత మోసం చేస్తాయో చెప్పడానికి 2022లో జరిగిన ఒక తమాషా ఉంది. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ ఉంది. పాత ఆల్బమ్‌లను అసలు టేపుల నుంచి తీసి మళ్ళీ ప్లేట్లుగా వేస్తుంది. కొన్ని ప్లేట్లు ఒక్కోటి 100 డాలర్ల పైమాటే. డిజిటల్ ఊసే లేదు, అంతా అనలాగే అని కొన్నవాళ్ళ నమ్మకం. పెద్ద పెద్ద విమర్శకులు అవి విని ‘ఆహా, ఇదీ అనలాగ్ అంటే’ అని రాశారు. తీరా ఫీనిక్స్‌లో రికార్డుల కొట్టు నడిపే ఒకాయన విషయం బయటపెట్టాడు. ఆ కంపెనీ ఏళ్ళ తరబడి చాలా ప్లేట్లకు మధ్యలో ఒక డిజిటల్ మెట్టు వాడుతోంది! టేపుని ముందు డిజిటల్‌గా ఎక్కించి, దాంట్లోంచి ప్లేటు కోస్తున్నారు. గొడవైంది, కోర్టుకెళ్ళారు, కంపెనీ డబ్బు వెనక్కివ్వడానికి ఒప్పుకుంది. అదంతా సరే. నాకు నచ్చిన సంగతేమిటంటే, అన్నేళ్ళలో ఒక్క చెవి కూడా కనిపెట్టలేదు. ఒక్కటంటే ఒక్కటి!

అయితే సగం గాలి అన్నాను కదా, మిగతా సగం సంగతి కూడా చెప్పాలి. 1990ల నుంచి సీడీలు తయారుచేసేవాళ్ళకి ఒక జబ్బు పట్టుకుంది. తమ పాట పక్కవాడి పాట కంటే గట్టిగా మోగాలి. అందుకని మెల్లగా ఉన్న చోటల్లా గొంతు లేపి, అంతా ఒకే ఎత్తున పరిచేశారు. పాత పాటలు మళ్ళీ విడుదల చేసినప్పుడు వాటికీ ఇదే శాస్తి చేశారు. ఆ పాట మొదట వచ్చిన రోజుల్లో కోసిన ప్లేటులో ఆ దెబ్బ లేదు. మీ ఇంట్లో ఎల్పీ ఫోన్‌లో పాట కన్నా హాయిగా వినిపిస్తే, ఆ గొప్ప ప్లాస్టిక్‌ది కాదు, ఆ రోజు మీటల ముందు కూర్చున్న ఇంజనీరుది.

సరే, శబ్దం కాకపోతే మరేమిటి? 2023లో లూమినేట్ అనే సంస్థ అమెరికాలో లెక్క తీసింది. రికార్డులు కొంటున్నవాళ్ళలో ప్లేయరు ఉన్నవాళ్ళు సగం మందే. సగం మందే! మిగతా సగం కొని ఏం చేస్తున్నారు? గోడకి పెట్టుకుంటున్నారు, అల్మారాలో పెట్టుకుంటున్నారు, దగ్గర పెట్టుకుంటున్నారు. మనవాళ్ళు దీన్ని చూసి నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఇంట్లో దేవుడి పటం ఎందుకు పెట్టుకున్నావని ఎవరైనా అడుగుతారా? అభిమానానికి చేతితో పట్టుకునే వస్తువు ఒకటి కావాలి. ఫోన్‌లో పాటని పట్టుకోలేం.

పట్టుకోలేకపోవడమే కాదు, అది మనది కూడా కాదు. 2023 మార్చిలో జీ మ్యూజిక్ వాళ్ళకీ, ఫోన్‌లో పాటలు వినిపించే స్పాటిఫైకీ లెక్క కుదరక, ఒక్కసారిగా ఆ కంపెనీ పాటలు స్పాటిఫైలో మాయమైపోయాయి. నెలనెలా డబ్బు కట్టినవాళ్ళ లిస్టుల్లోంచి కూడా పోయాయి. పాట పేరు బూడిద రంగులో కనపడేది, నొక్కితే పలికేది కాదు. అటక మీది ప్లేటుకి అలాంటి గతి పట్టదు. చెదలు పట్టొచ్చు, అది వేరే సంగతి.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది కుర్రాళ్ళకి. స్ట్రీమింగ్‌లో ఒక పాట 30 సెకన్లు మోగితే స్పాటిఫై దాన్ని విన్నట్టు లెక్క రాసుకుంటుంది. 30 దాటితేనే పాట తాలూకువాళ్ళకి డబ్బు. మరి పాట చేసేవాడు ఏం చేస్తాడు? మొదటి అర నిమిషంలోనే ఉన్న సరుకంతా కుమ్మరిస్తాడు. ముందు ఆలాపన, తర్వాత వయొలిన్లు, ఆ తర్వాత మెల్లగా పల్లవి అని తీరిగ్గా కూర్చుంటే వినేవాడు వేలు ఆడించేస్తాడు. ప్లేటు విషయంలో అలా కుదరదు. పాట నచ్చకపోతే లేవాలి, ప్లేయరు దాకా నడవాలి, ముల్లు జాగ్రత్తగా ఎత్తాలి, పక్క పాట దగ్గర సరిగ్గా దించాలి. ఎవరు లేస్తారండీ? ‘పోనీలే, ఇదీ కానీ’ అంటాం. అలా కానిచ్చిన పాటల్లో ఎన్ని తర్వాత ప్రాణమైపోయాయో మీలో పెద్దవాళ్ళకి తెలుసు. మన బద్ధకమే మనచేత పాట పూర్తిగా వినిపించింది.

ఎల్పీ ఒక్కో వైపు 22 నిమిషాలు, అటూ ఇటూగా. ఆ తర్వాత లేచి తిప్పాలి. తిప్పేటప్పుడు చేతిలో అట్ట ఉంటుంది, అట్ట వెనక రాత ఉంటుంది. పాడిందెవరు, రాసిందెవరు, సంగీతం ఎవరు. కొన్నిటి మీద నాలుగు పేరాల వ్యాసం ఉంటుంది. మద్రాసులో వి.ఎ.కె. రంగారావుగారు రాసిన అట్ట వెనక వ్యాసాలు చదివి సంగీతం గురించి తెలుసుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. ఇప్పుడు ఫోన్ తీసి 1950ల పాట ఏదైనా పెట్టండి. హీరో ఫొటో వస్తుంది. రాసిందెవరో చూడండి, చాలాసార్లు ఉండదు, ఉన్నా తప్పు ఉంటుంది. రేడియోలో మేము పాటకి ముందు ‘చిత్రం ఫలానా, రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా’ అని తప్పకుండా చెప్పేవాళ్ళం. లేబుల్ మీద చూసే చెప్పేవాళ్ళం. సముద్రాల, పింగళి, మల్లాది, కొసరాజు అనే పేర్లు పల్లెల్లో చదువురాని వాళ్ళక్కూడా తెలిశాయంటే ఆ లేబుల్ పుణ్యమే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంతసేపూ చెప్పింది అమెరికా కథ. అక్కడివాడు కొంటున్న ప్లేటులోని పాట వాడి ఫోన్‌లో కూడా ఉంది. ఉన్నదాన్నే మళ్ళీ కొంటున్నాడు. మన అటక కథ అది కాదు. మన అటక మీద ఉన్న ప్లేట్లలో కొన్ని ఇంకెక్కడా లేవు. ఫోన్‌లో లేవు, సీడీలో లేవు, కొన్ని కంపెనీ దగ్గర కూడా లేవు. ఎందుకో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన దేశంలో ప్లేటు కథ మొదలైంది 1902లో, కలకత్తాలో. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన వచ్చి గౌహర్ జాన్ అనే గాయని చేత పాడించాడు. పాట చివర ఆవిడ ఇంగ్లీషులో ‘నా పేరు గౌహర్ జాన్’ అని గట్టిగా చెప్తుంది. ఎందుకు? ఆ పాట జర్మనీలో హానోవర్‌కి వెళ్ళి అక్కడ ప్లేటుగా అచ్చవ్వాలి. అక్కడి పనివాళ్ళకి ఎవరు పాడారో తెలియాలి కదా, లేబుల్ వెయ్యడానికి! తర్వాత 1908లో కలకత్తాలోనే సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టారు, 1928లో దమ్‌దమ్‌లో పెద్దది కట్టారు. మన ఇళ్ళలో ఉన్న కుక్క బొమ్మ హెచ్‌ఎంవీ రికార్డులు చాలామటుకు ఆ దమ్‌దమ్‌వే.

నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పాత ప్లేటు, అదే 78 ప్లేటు, దేంతో చేసేవారో తెలుసా? లక్కతో. లక్క పురుగు చెట్టు కొమ్మల మీద పెట్టే బంక. ఎక్కువగా ఛోటానాగ్‌పూర్ అడవుల నుంచే ప్రపంచమంతా వెళ్ళేది. దాంట్లో రాతిపొడి, మసి కలిపి వేడిగా అచ్చు వేసేవారు. చేతిలోంచి జారితే గాజులా ముక్కలవుతుంది. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ వినైల్ అనే ప్లాస్టిక్‌తో ఎల్పీ తెచ్చింది. కానీ మన దగ్గర లక్క ప్లేటు 1960ల చివరి దాకా నడిచింది. మీ అటక మీద బరువుగా, మందంగా ఉన్నవి ఇవే. వంచితే వంగేవి వినైల్. వంచి చూడమని మాత్రం అనడం లేదు, దయచేసి వంచకండి.

78 ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాల పైన కొద్దిగా పడుతుంది. అంతే. మన పద్యనాటకం సంగతి మీకు తెలుసు. ఒక్క పద్యం, దానికి ముందు రాగం, చివర మళ్ళీ రాగం, హార్మోనియం వాడు వెంటపడటం, జనం ‘వన్స్ మోర్’ అనడం. పది నిమిషాలు ఎక్కడికి పోతుంది? అలాంటి నటుణ్ణి పెట్టె ముందు నిలబెట్టి ‘మూడు నిమిషాలు’ అన్నారు. 1925 దాకా మైకు కూడా లేదు. బూరాలో తల దూర్చి పాడాలి. హార్మోనియం దగ్గరగా, తబలా దూరంగా పెట్టి సరిచూసుకోవాలి. నటుడు ఏం చేశాడు? రాగం మధ్యలో తుంచాడు. పాదాల మధ్య విరామం మింగేశాడు. నిజమే, పోయింది చాలానే ఉంది. కానీ ఆ తొందరలో పద్యానికి ఒక బిగువు వచ్చింది. స్టేజీ మీద పాడిన పద్యానికీ ప్లేటులో పద్యానికీ ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇంకా తమాషా, ‘వన్స్ మోర్’ ఇప్పుడు ఇంటాయన చేతిలోకి వచ్చింది. కీ ఇచ్చుకోవడం, ముల్లు మొదట్లో పెట్టుకోవడం.

ఇళ్ళలో గ్రామఫోన్ ఉన్నవాళ్ళు ఎంతమందిలెండి. మనలో ఎక్కువమందికి ప్లేటు అంటే మైకుసెట్టు వాడి ప్లేటు. పెళ్ళిలో వేపచెట్టుకి కట్టిన బూరా. టూరింగ్ టాకీసులో ఘంటసాల వెంకటేశ్వరస్వామి పాట వేశారంటే ఇంక సినిమా మొదలవబోతోందని మూడు ఊళ్ళకి తెలిసేది, జనం పొలాలకడ్డంపడి పరుగెత్తేవారు.

ఇప్పుడు ఒక ప్లేటు వేస్తాను. ఫ్యాను ఆపండి బాబూ, ఒక్క మూడు నిమిషాలు ఓర్చుకోండి. వినండి.

విన్నారు కదా. హరికథ. గొంతు ఎలా ఉంది! గజ్జెల చప్పుడు కూడా వినిపించింది, గమనించారా? ఈయనెవరో నాకు తెలియదు. చూడండి, లేబుల్‌లో పేరున్న భాగమంతా ఎలకలు కొట్టేశాయి. ఒక ఆఫీసులో పాతసామాను తీసేస్తూ కాటాకి వేస్తుంటే, ఆ కుప్పలోంచి తెచ్చుకున్నాను. కిలోల లెక్కన అమ్మారండీ. ఇదిగో, ఇక్కడ దగ్గరగా చూడండి. గాడి అయిపోయాక లేబుల్‌కీ పాటకీ మధ్య నున్నగా ఖాళీ జాగా ఉంది. వెలుతురుకి ఏటవాలుగా పెడితే అక్కడ చెక్కిన అంకెలు, ఒక ఇంగ్లీషు అక్షరం కనిపిస్తాయి. అది అచ్చు నంబరు. లేబుల్ పోయినా అది పోదు. పాత కాటలాగులు దగ్గర పెట్టుకున్నవాళ్ళు ఆ అంకె పట్టుకుని ఏ ఏడాది, ఏ ఊరు, ఎవరు పాడారు అన్నది తేల్చగలరు. నేను ఇంకా వెతుకుతున్నాను.

సినిమా పాటలకి ఈ గతి పట్టలేదు. వాటికి గిరాకీ ఉంది, కంపెనీలు వాటిని సీడీలోకి, ఫోన్‌లోకి ఎక్కించాయి. ఘంటసాలగారి భగవద్గీతకి ఏ లోటూ లేదు. ఆయన 1974లో పోయాక విడుదలైన ఆ ఎల్పీ ఇవాళ్టికీ ఏ ఊళ్ళోనో ఒకచోట మోగుతూనే ఉంటుంది. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎక్కనివి ఏవంటే, హరికథలు, బుర్రకథలు, నాటకం సెట్లు, హాస్య సంభాషణలు, లలిత గీతాలు, ఊరూ పేరూ పెద్దగా తెలియని పద్యగాళ్ళు. వాళ్ళకి అమ్మకం లేదు కాబట్టి కంపెనీ ఎక్కించలేదు. కంపెనీ ఎక్కించలేదు కాబట్టి ఫోన్‌లో లేవు. ఫోన్‌లో లేవు కాబట్టి ఇవాళ్టి పిల్లల దృష్టిలో అవి అసలు లేనే లేవు.

వీటిని కాపాడింది సొంత డబ్బుతో ఏరుకున్నవాళ్ళే. రంగారావుగారి గురించి చెప్పాను, వేలకు వేల 78లు పోగుచేశారు. ముంబైలో 1990 నుంచి సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ ఉంది. అమెరికాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు లక్షల సంఖ్యలో 78లు ఎక్కించారు. ఎలా ఎక్కించారంటే, ఒకే ప్లేటుని నాలుగు సైజుల ముళ్ళతో ఒకేసారి చదివించారు, ఏది శుభ్రంగా వస్తే అది వినొచ్చు. దాని మీద 2023లో పెద్ద మ్యూజిక్ కంపెనీలు కేసు వేశాయనుకోండి. మన తెలుగులో అయితే విదేశాల్లో ఉన్న మనవాళ్ళు నడిపే ఈమాట వెబ్ పత్రికలో పాత రేడియో రికార్డింగులు, ప్లేట్లు వినొచ్చు. ఇక్కడ ఒక తమాషా గమనించండి. ప్లేటుని చంపిందనుకున్న డిజిటలే ఇప్పుడు ప్లేటుని బతికిస్తోంది. నేను డిజిటల్‌కి శత్రువుని కాదండోయ్, ఫోన్‌లో పాటలు వింటాను, బస్సులో మరీను.

కేసు అన్నాను కదా, మీలో కొందరికి టెన్షన్ వచ్చి ఉంటుంది. మన చట్టం ప్రకారం రికార్డింగు మీద కంపెనీ హక్కు, అది విడుదలైన ఏడాది దాటిన దగ్గర్నుంచి 60 ఏళ్ళు. కాబట్టి 1950ల ప్లేటు రికార్డింగు మీద ఆ హక్కు అయిపోయింది. కానీ పద్యం రాసిన కవి హక్కు వేరు. ఆయన పోయాక మరో 60 ఏళ్ళు ఉంటుంది. ఈ రెండూ కలిపేసుకుని కంగారుపడకండి, కలిపేసుకుని ధీమాగానూ ఉండకండి. ఇంట్లో పోకుండా దాచుకోవడం వేరు, ఊరందరికీ పంచడం వేరు.

ఇక అటక వాళ్ళకి నాలుగు మాటలు. ఒకటి, లక్క ప్లేటుని స్పిరిట్‌తోగానీ శానిటైజరుతోగానీ తుడవకండి. లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. కరోనా రోజుల్లో ఒకాయన శానిటైజరు పట్టించి రుద్దాడు, నల్లటి నీళ్ళతో పాటు పాట కూడా వచ్చేసింది. మెత్తటి గుడ్డ, డిస్టిల్డ్ వాటరు చాలు. లేబుల్ తడవకూడదు. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. మన ఎండలకి రేకుల కింద అటక మీద పెడితే వినైల్ అప్పడంలా వంకర తిరిగిపోతుంది. ముందు కిందికి దించండి, మిగతాది తర్వాత.

ఆన్‌లైన్‌లో సూట్‌కేసు లాంటి ప్లేయర్లు వస్తున్నాయి, చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. వాటిలో చాలావాటి ముల్లు బరువుగా ఆనుతుంది, గాడిని దున్నేస్తుంది. కొత్త ప్లేటు అయితే మీ ఇష్టం, మరొకటి కొనుక్కోవచ్చు. తాతగారి ప్లేటు దాని మీద పెట్టకండి. పైగా 78 ప్లేటుకి వేరే ముల్లు కావాలి. దాని గాడి ఎల్పీ గాడికి మూడింతలు వెడల్పు. ఎల్పీ ముల్లు పెడితే గాడి అడుగుకి జారి దుమ్మునే చదువుతుంది. ‘పాత ప్లేటు కదా, గరగరే వస్తుంది’ అని పక్కన పడేస్తారు. ప్లేటు తప్పు కాదది. ప్లేయరు కొనేముందు 78 వేగం ఉందో లేదో, ఆ ముల్లు దొరుకుతుందో లేదో అడగండి.

అడగాలనుకున్నది అడుగు బాబూ. సరే, వెనకాలవాళ్ళకి వినపడలేదు, నేను చెప్తాను. ఈ మధ్య కొత్త సినిమాల పాటలు కూడా ఎల్పీలుగా వస్తున్నాయి కదా, మూడు నాలుగు వేలు పెట్టి కొనొచ్చా అంటున్నాడు. నీ డబ్బు, నీ అభిమానం. కొనుక్కో. అట్ట బాగుంటుంది, గోడకి బాగుంటుంది. కానీ ఆ పాట కంప్యూటర్లో పుట్టింది, కంప్యూటర్లోంచే ప్లేటుకి వెళ్ళింది. సౌండ్ కోసం కొంటున్నానని మాత్రం ఇంట్లో చెప్పకు. ఆ డబ్బులో సగం పెట్టి మంచి ముల్లు ఒకటి కొంటే, మీ వీధిలో ఉన్న పాత ప్లేట్లన్నీ వినొచ్చు. హైదరాబాదులో ఉంటే ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్‌లు, గురువారం జుమ్మెరాత్ బజారు తిరుగు. ఓపిక ఉంటే దొరుకుతాయి. బేరం ఆడు. సినిమా రికార్డు కోసం నీతో పోటీపడేవాళ్ళుంటారు, హరికథ ప్లేటు కోసం ఎవరూ ఉండరు.

ఆ చివర అమ్మగారు అడుగుతున్నారు, ప్లేయరు కొనే ఉద్దేశం లేదు, వినే ఓపిక లేదు, మా మామగారి ప్లేట్లు రెండు పెట్టెలున్నాయి, ఏం చెయ్యమంటారు అని. మంచి ప్రశ్న అమ్మా. మీరు వినక్కర్లేదు. ఒక్కో ప్లేటుకి రెండు వైపులా లేబుల్ ఫొటో తీయండి. అంకెలు చదవడానికి వీలుగా తీయండి, ఇందాక చూపించిన ఖాళీ జాగా కూడా ఫొటోలో పడాలి. అట్ట ఉంటే వెనక వైపు కూడా. ఆ ఫొటోలు చూస్తే చాలు, వాటిలో ఏవి దొరికేవి, ఏవి దొరకనివి అన్నది తెలిసినవాళ్ళు గంటలో చెప్పేస్తారు. అప్పటిదాకా పాత సామానుల బండి వాణ్ణి గేటు దగ్గరే ఆపండి.

ఇవాళ సంచుల్లో ప్లేట్లు తెచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, చూస్తున్నాను. బయట బల్ల దగ్గర కూర్చున్న అబ్బాయి ఫొటోలు తీసి నంబర్లు రాసుకుంటాడు. ప్లేటు మీ చేత్తో మీరే పట్టుకోండి, అతనికి ఇవ్వకండి, అతనికి భయం. టీ కూడా అక్కడే పెట్టారట. గ్లాసు ఒక చేతిలో, ప్లేటు ఒక చేతిలో వద్దు. ముందు ఫొటో, తర్వాత టీ. ఇక ఫ్యాను వేసెయ్యండి.